సుందరమ్మ పుట్టిన సంవత్సరం

సరెళ్ళ సుందరమ్మ మా కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ అటెండరు. నేను 1991లో జూనియర్ లెక్చరరుగా చేరేనాటికే ఆవిడకి పదిహేడేళ్ల సర్వీసుంది. అమలాపురం నుంచి రాజోలు వెళ్లే దారిలో, మెయిన్ రోడ్డుకి కాస్త లోపలగా ఉండే ఎయిడెడ్ కాలేజీ మాది. జీతాలు ప్రభుత్వానివి, పెత్తనం కమిటీది.

చేరిన వారంలోనే ఆవిడ పనితనం నాకు తెలిసింది. పిల్లలకి ప్రాక్టికల్ పెట్టే హడావిడిలో సిల్వర్ నైట్రేట్ తీసుకెళ్లి కుళాయి నీళ్లలో కలపబోయాను. ఆవిడ పక్కనే నిలబడి, పిల్లలకి వినబడకుండా చెప్పింది.

"సార్, ఆ నీళ్లు వద్దండి, తెల్లగా విరిగిపోద్ది. డిస్టిల్డ్ వాటరు నిన్ననే పట్టి ఉంచేనండి."

చదివింది మిషను బడిలో ఐదో తరగతి. భర్త కొబ్బరి దింపు తీసేవాడు, చెట్టు మీంచి పడి పోయాడు. అప్పటికి కూతురు విజయకుమారికి మూడేళ్లు. ఆ పిల్లని పెంచి, చదివించి, టీచర్ ట్రైనింగు చేయించింది. ల్యాబులో ఏ సీసా ఏ అరలో ఉందో, ఏ ఆసిడ్ ఎంత ఘాటో ఆవిడకి తెలిసినంత నాకు తెలియదు. అయినా పన్నెండేళ్లపాటు ఆవిణ్ణి "సుందరమ్మా" అనీ "నువ్వు" అనీ పిలిచాను. నాకంటే పద్దెనిమిదేళ్లు పెద్దది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. స్టాఫ్‌రూములో మాకు టీ తెచ్చేది బంగారయ్య. ఫిజిక్స్ ల్యాబ్ అటెండరు. సుందరమ్మది ఎస్సీ పేట, అతనిది కాదు. ఆవిడ చేత టీ తెప్పించకూడదని ఎవరూ రూలు పెట్టలేదు. అందరం పాటించేవాళ్లం.

2001లో కమిటీకి కొత్త సెక్రటరీగా గోవిందరాజులు గారు వచ్చారు. తెల్ల పంచె, మెత్తటి మాట. ఎవరి మీదా గొంతు పెంచి ఎరగరు. ఆ ఏడాదే మా స్వీపరు రిటైరయ్యాడు. కొత్త మనిషిని వేసుకోవడానికి ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు. మర్నాటి నుంచి స్టాఫ్ మరుగుదొడ్లు సుందరమ్మ కడగాలని ఆఫీసు నుంచి కబురొచ్చింది. బంగారయ్యదీ ఆవిడదీ ఒకటే హోదా, ఒకటే స్కేలు. సర్వీసులో అతను చిన్నవాడు కూడా. అతనికి మాత్రం ఆ కబురు రాలేదు.

ఆవిడ నెల రోజులు కడిగింది. తర్వాత ఆఫీసుకి వెళ్లి అడిగింది.

"అయ్యా, వంతులేసుకుని చేస్తామండి. ఒక రోజు నేను, ఒక రోజు బంగారయ్య గారు."

"బంగారయ్య చేత ఆ పని ఎలా చేయిస్తామే?" అన్నారు సెక్రటరీ గారు, నవ్వుతూనే.

ఆ మాట మీదే ఆవిడ అర్జీ పెట్టింది. కూతురి చేత రాయించి, రాజమండ్రిలో పై అధికారికి రిజిస్టరు పోస్టులో పంపింది. ఒకే ఉద్యోగం చేసే ఇద్దరిలో తనొక్కదానికే ఈ పని ఎందుకు పడిందో విచారించమని కోరింది. అధికారి వచ్చాడు, అందరినీ అడిగాడు. ఆవిడ చేత మరుగుదొడ్లు కడిగించడం ఆగిపోయింది. అధికారి వెళ్లిన సాయంత్రం గోవిందరాజులు గారు స్వయంగా ల్యాబుకి వచ్చి, మా అందరి ముందూ చేతులు జోడించారు.

"పొరపాటైపోయిందండి, సుందరమ్మ గారూ. మనసులో పెట్టుకోకండి."

మా కాలేజీలో ఆవిణ్ణి 'గారు' అని పిలిచిన మొదటి మనిషి ఆయనే. ఆవిడ ముఖంలో రంగు మారింది. ఆయన వెళ్లాక బర్నర్లు సర్దుతూ, "తిట్టినా బాగుండేదండి," అంది.

తర్వాత ఏడాదికి పైగా ఆయన ఆవిణ్ణి పల్లెత్తు మాట అనలేదు. ఎదురైనప్పుడల్లా ఆగి, నలుగురూ వినేలా ఒకటే అడిగేవారు.

"ఒంట్లో ఎలా ఉంటోందండి? మెట్లెక్కడం కష్టంగా ఉందా? ఈ వయసులో ఇంత పని మీకెందుకండి?"

"బాగానే ఉన్నానండి," అనేది ఆవిడ.

"ఆయ్, మీరు అలాగే అంటారు," అని తల ఊపుతూ వెళ్లిపోయేవారు.

వారానికి రెండు మూడుసార్లు ఇదే జరిగేది. కొన్నాళ్లకి ఆఫీసువాళ్లు కూడా "పాపం, ముసలావిడ" అనడం మొదలుపెట్టారు. ఆవిడ జుట్టు అప్పటికింకా సగం నలుపే. మాటలు ఎటు పోతున్నాయో మాలో ఎవరికీ పట్టలేదు. ఆవిడకి పట్టిందనుకుంటాను. బరువైన ఆసిడ్ జాడీలు పిల్లల చేత ముట్టించకుండా, ఒక్కతే ఎత్తి, అందరూ చూస్తుండగా అరల మీద పెట్టేది.

2003 జనవరిలో సెక్రటరీ గారు నన్ను పిలిచి, టైపు చేసిన కాగితం ఒకటి ముందు పెట్టారు. అటెండరు సుందరమ్మకి వయోభారం వల్ల చేతులు వణుకుతున్నాయనీ, గాజు సామాను తరచు పగులుతోందనీ అందులో ఉంది.

"ఆవిడ మంచికేనండి, భాస్కర్ గారూ. ఆసిడ్లతో పని. రేపేదైనా అయితే మీ మీదకే వస్తాది."

నా భార్యని కాలేజీ లైబ్రరీలో తీసుకునే విషయం ఆ నెలలోనే కమిటీ ముందుంది. ఆయన దాని ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు. సంతకం పెట్టాను.

ఫిబ్రవరిలో సుందరమ్మకి నోటీసు వచ్చింది. జూన్ ముప్ఫయ్యో తేదీతో మీకు అరవై ఏళ్లు నిండుతున్నాయి కనుక పదవీ విరమణ చేయవలసింది, అని. ఆవిడకి యాభై అయిదు కూడా నిండలేదు.

ఆవిడ నోటీసు పట్టుకుని ఆఫీసుకి వెళ్లింది. గుమాస్తా సర్వీసు రిజిస్టరు తీసి చూపించాడు. పుట్టిన తేదీ దగ్గర ఒకటి, ఏడు, పంతొమ్మిది వందల నలభై మూడు అని ఉంది. నలభై ఎనిమిదిలోని ఎనిమిది అంకెకి ఎడమ పక్క గీతలు రెండూ బ్లేడుతో గీకేస్తే మూడవుతుంది. ఆవిడ ఆ చోట వేలు పెట్టి తడిమింది. కాగితం పలచబడి ఉంది.

"నేను కాదండి," అన్నాడు గుమాస్తా. తలెత్తలేదు.

ఆవిడ చేరినప్పుడు ఇచ్చిన డాక్టరు సర్టిఫికెట్టు చూపించమంటే, తొంభై ఆరు తుఫానుకి ఆఫీసు కప్పు లేచిపోయినప్పుడు పాత కాగితాలు తడిసి పోయాయన్నారు. రిజిస్టరు మాత్రం తడవలేదు.

ఆ సాయంత్రం ఆవిడ ల్యాబులో నా బల్ల ముందుకొచ్చి నిలబడింది. నేను సంతకం పెట్టిన కాగితం నకలు కూడా నోటీసుకి జత చేశారని నాకు అప్పటిదాకా తెలియదు.

"సార్, ఇది చదివే సంతకం పెట్టేరా?"

నేను బల్ల మీది రికార్డులు సర్దసాగాను. ఆవిడ రెండు చేతులూ నా ముందు చాపింది. వేళ్లు ఆసిడ్‌తో గోధుమ రంగు తిరిగి ఉన్నాయి. ఒక్క వేలు కూడా కదల్లేదు. తర్వాత కిటికీలు మూసి, గ్యాసు వాల్వు కట్టేసి, తాళం వేసుకుని వెళ్లిపోయింది.

వయసుకి రుజువు ఆవిడ దగ్గర లేకపోలేదు. ఆవిడ చదివిన మిషను బడి ఎప్పుడో మూతబడింది గానీ, పేటలో చర్చి ఉంది. పాస్టరు యేసురత్నం గారు పాత బాప్తిస్మం రిజిస్టరు తీసి చూపించారు. 1948లో పుట్టిన బిడ్డ, తల్లిదండ్రుల పేర్లతో సహా, పాత సిరాతో స్పష్టంగా ఉంది. బిడ్డ పేరు మార్తమ్మ. ఇంట్లో, చర్చిలో ఆవిడ మార్తమ్మ. బడిలో, ఉద్యోగంలో సుందరమ్మ.

ఆవిడ సంబరంగా ఆ పుట నకలు రాయించుకుని, కూతుర్ని తీసుకుని అమలాపురం వెళ్లింది. లాయరు అనురాధ గారు ఆ కాగితం ఒకటికి రెండుసార్లు చదివి, మడిచి, తిరిగి ఆవిడ చేతిలోనే పెట్టారు.

"ఇది ఎవరికైనా చూపించేరా?"

"లేదండి."

"చూపించకండి. మీ ఉద్యోగం ఏ కోటాలో వచ్చింది?"

"ఎస్సీలోనండి."

"అమ్మాయిది?"

విజయకుమారి అంతకు ఏడాది ముందే కె.గంగవరం దగ్గర మండల పరిషత్తు బడిలో టీచరుగా చేరింది. అదీ ఎస్సీ పోస్టే. తల్లీ కూతుళ్లిద్దరి సర్టిఫికెట్ల మీదా హిందూ అనే ఉంది. పేటలో సగం మంది సంగతి అంతే. క్రైస్తవంలోకి వెళ్లినవాళ్లు చట్టం ప్రకారం ఎస్సీలు కారు, బీసీల్లోకి వస్తారు. ఊళ్లో మాత్రం వాళ్లు ఎప్పుడూ ఉన్నచోటే ఉంటారు. వాళ్ల వంతుకి మరుగుదొడ్లు వస్తూనే ఉంటాయి.

"ఈ పుస్తకం కోర్టులో పెడితే మీ వయసు నిలబడతాది," అన్నారు అనురాధ గారు. "మీ కులం పడిపోతాది. మీ ఉద్యోగంతో పాటు అమ్మాయిదీ పోతాది. మీ సెక్రటరీ గారికి ఆ పుస్తకం సంగతి తెలియదనుకుంటున్నారా? మీ చేతుల్తో మీరే తెస్తారని చూస్తున్నారు."

ఆ మాట నిజమేనని వారంలో తేలింది. గోవిందరాజులు గారు ఆవిణ్ణి పిలిపించి, కుర్చీ వేయించి మరీ చెప్పారు.

"రుజువుంటే తెండి, సుందరమ్మ గారూ. మేమేం పరాయివాళ్లమా? చర్చి కాగితమైనా సరే, ఆనందంగా సరిచేసేస్తాం."

"నా దగ్గర ఏ కాగితమూ లేదండి," అంది సుందరమ్మ. ఆ రాత్రి అన్నం తినలేదని విజయకుమారి తర్వాత చెప్పింది.

జూన్ ముప్ఫయ్యిన సన్మానసభ పెట్టారు. రాదని అందరం అనుకున్నాం గానీ ఆవిడ వచ్చింది. సెక్రటరీ గారు శాలువా కప్పి, మైకులో, అరవై వసంతాలు పూర్తి చేసుకున్న మన సుందరమ్మ గారు, అన్నారు. రెండు మాటలు చెప్పమని మైకు ఇచ్చారు.

"నాకు యాభై అయిదండి," అంది ఆవిడ. మైకు తిరిగి ఇచ్చేసి, శాలువా తీసి కుర్చీ మీద పెట్టి దిగిపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సెక్రటరీ గారు మాత్రం ఆవిడ గేటు దాటేదాకా చూస్తూ నిలబడ్డారు.

కేసు రాజమండ్రి కోర్టులో వేశారు. కావలసింది చర్చి పుస్తకం కాని రుజువు. చేరేటప్పుడు కాకినాడ పెద్దాసుపత్రిలో డాక్టరు తన పళ్లు, కళ్లు చూసి ఏదో రాశాడని సుందరమ్మకి జ్ఞాపకం. ఆ సర్టిఫికెట్టు ఇంకో ప్రతి నియామకం ఫైలుతో పాటు రాజమండ్రి ఆఫీసుకి వెళ్లి ఉండాలన్నారు అనురాధ గారు. ఆవిడ ఆ ఆఫీసు చుట్టూ రెండేళ్లు తిరిగింది. పాత ఫైళ్ల గది తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోవడానికే ఒక ఏడాది పట్టింది.

ఆ రోజుల్లోనే ఆదివారాలు చర్చి దగ్గర ఒక మోటారు సైకిలు ఆగి ఉండడం మొదలైంది. నడిపేవాడు లోపలికి వెళ్లడు. రోడ్డు పక్కన కూర్చుని, ఆరాధన అయ్యాక బయటకి వచ్చేవాళ్లని చూసి వెళ్లిపోతాడు. ఎవరివాడో పేటలో అందరికీ తెలుసు. అడగడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. సుందరమ్మ చర్చికి వెళ్లడం మానేసింది. విజయకుమారి కె.గంగవరంలోనే గది తీసుకుని, ఆదివారాలు రావడం మానేసింది. సుందరమ్మ పుట్టినప్పటి నుంచీ చర్చిలో కూర్చున్న చోటు వదులుకుని, ఆదివారం పొద్దున్న తలుపులు వేసుకుని, మైకులో వినబడే పాటల్ని ఇంట్లోంచే వినేది. గొంతు కలిపేది కాదు. గోడ మీది బైబిలు వాక్యం క్యాలెండరు కూడా తీసేసింది. తలుపు ఎవరు కొట్టినా ముందు ఇల్లంతా ఒకసారి కలియజూసేది.

2005 ఆఖర్లో సమాచార హక్కు చట్టం వచ్చింది. విజయకుమారి వెంటనే దరఖాస్తు పెట్టింది. మరుసటి ఏడాది వేసవిలో నకలు చేతికొచ్చింది. డాక్టరు సంతకం, ఆసుపత్రి ముద్ర, 1974 తేదీ. 'ఈమె చెప్పిన ప్రకారం వయసు ఇరవై ఆరు. చూడగా సుమారు ఇరవై ఆరు.' అనురాధ గారు ఆ కాగితాన్ని బల్ల మీద పెట్టి, మొదటిసారి నవ్వారట.

విచారణ 2007 చివర్లో వచ్చింది. కమిటీ తరఫు సాక్షిగా నన్ను పిలిచారు. ముందు సుందరమ్మని బోనెక్కించారు. కమిటీ లాయరు సర్టిఫికెట్టు గురించి ఎక్కువ అడగలేదు. కాగితాలు అటూ ఇటూ తిప్పి, తాపీగా అడిగాడు.

"మార్తమ్మ అంటే ఎవరమ్మా?"

సుందరమ్మ బోను కమ్మీ పట్టుకుంది.

"మా అమ్మ నన్ను అలా పిలిచేదండి."

"ఎందుకు పిలిచేది?"

అనురాధ గారు లేచారు. వయసు కేసులో పిలుపు పేరుతో పనేమిటని అడిగారు. జడ్జి గారు ఒప్పుకుని, ఆ ప్రశ్న వదిలేయమన్నారు. కానీ మొదటి ప్రశ్నా దాని జవాబూ టైపు మిషను మీద అప్పటికే పడిపోయాయి.

1998లో ఆవిడ తల్లి చనిపోయినప్పుడు పేటకి వెళ్లాను. ప్రార్థనలో పాస్టరు గారు, మన సహోదరి మార్తమ్మ తల్లిగారు, అన్నారు. మన సుందరమ్మకి ఇంకో పేరుందండోయ్ అని స్టాఫ్‌రూములో నేనే చెప్పాను, టీ తాగుతూ. ఆ మాట ఎన్ని చెవులు దాటి ఈ హాలుకి వచ్చిందో.

తర్వాత నన్ను పిలిచారు. ఆవిడ చేతులు వణకడం చూశానా అని అడిగారు. చూడలేదన్నాను. గాజు సామాను పగలగొట్టడం చూశానా అన్నారు. ఆవిడతో పనిచేసిన పన్నెండేళ్లలో ఒక్కటీ చూడలేదన్నాను. మరి సంతకం ఎందుకు పెట్టారన్నారు.

"పెట్టమన్నారు, పెట్టేనండి," అన్నాను.

వెనక బెంచీలో గోవిందరాజులు గారు నా వైపు చూసి చిన్నగా తల ఊపారు, ఏదో గుర్తుపెట్టుకుంటున్నట్టు. మూణ్ణెల్లలో నా భార్యని, ఆ సంతకం తర్వాత ఇచ్చిన లైబ్రరీ ఉద్యోగంలోంచి తీసేశారు.

తిరుగు బస్సులో సుందరమ్మ గారి పక్కన కూర్చుని, ఆ పేరు బయటపడింది నా వల్లేనని చెప్పాను. రావులపాలెం దాటాక, "అమ్మాయితో అనకండి, సార్. కంగారు పడతాది," అంది. అంతే.

తీర్పు 2008 మేలో వచ్చింది. రిజిస్టరులో అంకె దిద్దారని, ఆవిడ పుట్టింది నలభై ఎనిమిదిలోనేనని, వెంటనే ఉద్యోగంలోకి తీసుకోవాలని రాశారు. అసలు లెక్క ప్రకారం ఆవిడ రిటైరయ్యే నెల వచ్చే జూనే. ఒక్క నెలే మిగిలింది. లాయరు గారూ కూతురూ వెళ్లకపోయినా పరవాలేదన్నారు. ఆవిడ జూన్ రెండో తేదీన పొద్దున్నే ల్యాబు దగ్గర నిలబడింది.

అయిదేళ్లలో అక్కడ అన్నీ తారుమారయ్యాయి. సీసాల మీద చీటీలు ఊడిపోయాయి. ఆవిడ ఒక్కొక్కటే మూత తీసి, దూరం నుంచి చేత్తో గాలి విసురుకుని వాసన చూసి, ఏది ఏమిటో చెప్పింది. నేను చీటీలు రాశాను. ఆ పనిలో ఉండగా ఆవిడ ముఖం తేటగా కనిపించింది. ఆ నెలంతా బంగారయ్య రోజూ ల్యాబుకి వచ్చి ఆవిడకి కూడా టీ ఇచ్చి వెళ్లాడు. సెక్రటరీ గారు ఒక్కసారీ రాలేదు.

ఇరవై మూడో తేదీన విజయకుమారి కె.గంగవరం నుంచి పని మానుకుని వచ్చింది. చేతిలో జాయింట్ కలెక్టరు ఆఫీసు కవరుంది. ఆమె క్రైస్తవురాలై ఉండి హిందూ ఎస్సీ సర్టిఫికెట్టు పొందినట్టు ఫిర్యాదు అందింది కనుక విచారణకి హాజరు కావాలని అందులో ఉంది. ఫిర్యాదు చేసినవాళ్ల పేరు లేదు. జత చేసిన కాగితం మాత్రం కోర్టులో సుందరమ్మ ఇచ్చిన వాంగ్మూలంలో ఒక పుట. మార్తమ్మ అన్న మాట కింద ఎర్ర సిరాతో గీత గీసి ఉంది.

సుందరమ్మ గారు చదివి, కవరులో పెట్టి కూతురికి ఇచ్చింది. "కూర్చో అమ్మా. నీళ్లు తాగు," అంది. మిగిలిన వారమూ రోజూ వచ్చి, ముప్ఫయ్యిన తాళంచెవులు నా చేతికిచ్చి వెళ్లింది. ఆ రోజు సన్మానం పెట్టలేదు.

జూలైలో రెవెన్యూవాళ్లు పేటకి వచ్చారు. బడి వరండాలో బల్ల వేసుకుని ఇంటింటినీ పిలిచారు. మార్తమ్మ ఎవరంటే పేటవాళ్లు తెలియదన్నారు. సుందరమ్మ చర్చికి వెళ్తుందా అంటే, చూడలేదన్నారు. నిజంగానే అయిదేళ్లుగా ఎవరూ చూడలేదు. యేసురత్నం గారిని రిజిస్టరు తెమ్మన్నారు. పాత పుస్తకాలు తుఫానులో తడిసి పోయాయని ఆయన చెప్పారు. ఆ మాట చెప్పిన తర్వాత రెండు ఆదివారాలు ఆయన ప్రసంగం చేయలేదు, వేరేవారి చేత చేయించారు. వచ్చినవాళ్లు అన్నీ రాసుకుని, మళ్లీ వస్తామని వెళ్లారు.

మరుసటి ఏడాది సంక్రాంతి సెలవుల తర్వాత ఒకసారి ఆవిణ్ణి చూడడానికి పేటకి వెళ్లాను. ఫైలు మూయలేదు, ఏమీ తేల్చలేదు. విజయకుమారి ఇంకా ఉద్యోగంలోనే ఉంది. ప్రతి నెలా బడికి వచ్చే టపా కట్టని ముందు తనే విప్పుతుందట. ఆవిడ నాకు కుర్చీ వేసి, కాఫీ ఇచ్చింది. కాసేపు ల్యాబు కబుర్లు అడిగింది. మాటల మధ్యలో రోడ్డు మీద బండి ఏదో ఆగితే, మాట ఆపి, అది మళ్లీ కదిలేదాకా చూసింది.

నేను లేవబోతుంటే, "సార్, ఏమీ అనుకోకండి," అంది. "మీరింక మా ఇంటికి రాకండి."

"నా మీద కోపం పోలేదా, సుందరమ్మ గారూ?"

"కోపం కాదండి. మీరు మంచివారే. మంచివారు కూడా టీ తాగుతా ఏదో అనేస్తారండి."

నేను చెప్పులేసుకుని వీధిలోకి దిగాను. వెనక తలుపు మూసి, గడియ పెట్టిన చప్పుడు వినబడింది.